రెండవ దారి

రేడియో ప్రసారమునకు అంతరాయము కలిగినప్పుడు శ్రోతల చెవిని పడు మాట ఒకటి యున్నది: "అంతరాయమునకు చింతించుచున్నాము." ఆ మాట వినవచ్చుటకు ముందు స్టూడియోలో ఏమి జరుగునో బయటివారికి తెలియదు. కరెంటు పోయినచో జనరేటరు అందుకొనవలెను. ఒక ట్రాన్స్‌మిటరు మొరాయించినచో మరియొకటి సిద్ధముగా నుండవలెను. బయటినుండి రావలసిన కార్యక్రమము రాకున్నచో అనౌన్సరు చేతికందు దూరములో ఒక వాద్యసంగీతపు రికార్డు ఉండవలెను. ఏ రికార్డు వేయవలెనని ఆ క్షణమున ఆలోచించుటకు వ్యవధి యుండదు. అది ముందే ఆలోచించి పెట్టుకొనవలసిన పని. మా వృత్తిలో ఇది చిన్న ఏర్పాటే. పాట ఆగినంత మాత్రమున ఎవరి ప్రాణమునకును ముప్పు లేదు.

కాని కొన్ని పనులు ఆగినచో ఇతరుల ఇండ్లలో దీపములు ఆరును. మరికొన్ని పనులలో ఆపద వచ్చినచో పని సంగతి అటుంచి, ముందుగా మనుష్యులే పోవుదురు. ఈ రెండు లక్షణములును ఒక్కచోట చేరిన పని బొగ్గు త్రవ్వకము. ఆపదను ముందుగా ఊహించి, అది వచ్చినను పని చెడకుండ చూచుకొనుటను నేడు బిజినెస్ కంటిన్యూయిటీ అనుచున్నారు. ఆపద గడచిన పిమ్మట తిరిగి నిలదొక్కుకొను ఉపాయమును డిజాస్టర్ రికవరీ అనుచున్నారు. పేర్లు కొత్తవి, ఏదో నగరపు కార్యాలయములకు, కంప్యూటర్లకు మాత్రమే చెందిన విషయమని తోచును. విషయము మాత్రము పాతది. అందుచేత దానిని వివరించుటకు మేము రామగుండము, గోదావరిఖని ప్రాంతమును ఎన్నుకొంటిమి.

గోదావరి లోయలో బొగ్గున్నదని ఇల్లెందు సమీపమున 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కనుగొనెను. ఇల్లెందులో 1889లో త్రవ్వకము ఆరంభమైనది. సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు 1920లో వచ్చినది. నేడు ఆ సంస్థలో 51 వంతులు తెలంగాణ రాష్ట్రమునకు, 49 వంతులు కేంద్రమునకు చెందియున్నవి. రామగుండము ప్రాంతమున గనులు వచ్చిన పిమ్మట వెలసిన పట్టణమే గోదావరిఖని. ఆ ఊరి పేరులో నదియు గనియు కలిసియున్నవి. భూమి లోపల మాత్రము ఆ రెండును ఎన్నడును కలియరాదు.

ఇంగ్లండులోని నార్తంబర్లాండ్ జిల్లాలో హార్ట్‌లీ అను గని ఉండెడిది. దానికి దిగుటకును, ఎక్కుటకును, గాలి పోవుటకును, నీరు తోడుటకును ఒక్కటే బావి. నడుమ చెక్క అడ్డుగోడ పెట్టి ఆ ఒక్క బావినే రెండుగా వాడుకొనుచుండిరి. 1862 జనవరి 16న నీరు తోడు ఇంజను యొక్క పోత ఇనుప దూలము విరిగి, పెద్ద తునక ఆ బావిలోనే కూలినది. చెక్కలు, రాళ్లు పడి దారి పూడినది. పైనున్నవారు రేయింబవళ్లు త్రవ్వి ఆరు దినములకు లోపలి వారిని చేరునప్పటికి విషవాయువుచేత అందరును మరణించియుండిరి. మొత్తము 204 మంది పురుషులును బాలురును పోయిరి. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు బొగ్గుగనికి రెండు దారులు తప్పక ఉండవలెనని శాసనము చేసినది.

ఆ నియమము మన దేశపు గనుల చట్టములలోనికిని వచ్చినది. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలో నున్నది. వాటి స్థానమున వచ్చిన 2017 నాటి నిబంధనలలోను ఉన్నది. గోదావరిఖనిలో "బాయికి పోయి వచ్చినాను" అని ఇంటికి చేరు కార్మికునికి, ప్రతిదినము తాను నడువని మరియొక దారి ఎచ్చటనో ఉన్నదని తెలిసియుండవలెను. ఆ దారిలో ఏనాడును బొగ్గు రాకపోవచ్చును. లెక్కలు చూచు గుమాస్తా కంటికి అది ఖర్చు మాత్రమే. కాని దానిని మూసివేయుటకు ఏ మేనేజరుకును అధికారము లేదు. ఏ సంస్థయైనను ఆపత్కాల ప్రణాళిక వ్రాసికొనునప్పుడు వేసికొనవలసిన మొదటి ప్రశ్న హార్ట్‌లీ వేసినదే: మాకు ఒక్కటే ఉన్నది ఏది? ఒక్కటే దారి, ఒక్కటే తాళపుచెవి, ఒక్కటే ఫోను తీగ, ఆ యంత్రము సంగతి ఎరిగిన ఒక్కడే మనిషి. ఎచ్చట "ఒక్కటే" అను సమాధానము వచ్చునో అచ్చటనే ఆపద పొంచియుండును.

గనిలో మరియొక ఏర్పాటు కలదు. అది చూచుటకు మిక్కిలి సామాన్యమైనది. లోనికి దిగు కార్మికుడు ల్యాంప్ రూములో తన నంబరు గల టోకెను ఇచ్చి టోపీ దీపమును తీసికొనును. షిఫ్టు ముగిసి పైకి వచ్చి దీపము అప్పగించినప్పుడు టోకెను తిరిగి పుచ్చుకొనును. షిఫ్టు ముగిసినను ఒక దీపము తిరిగి రాలేదన్నచో ఒక మనిషి తిరిగి రాలేదన్నమాట. లోపల ఏమి కూలినను, ఏమి మునిగినను, లోపల నెవరున్నారను లెక్క బయట భద్రముగా నుండును. లెక్కింపబడిన వస్తువుతో పాటు లెక్క నశింపరాదు. నేటి కంప్యూటర్ల భాషలో బ్యాకప్ అను మాటకు ఇంతకంటె గొప్ప అర్థమేమియు లేదు.

అయినను ఈ చిన్న సూత్రమును పెద్ద కార్యాలయములే మరచుచుండును. జీతముల పట్టికకు ఒక నకలు తీసి, ఆ నకలును అదే గదిలో అదే బీరువాలో పెట్టుదురు. అగ్ని వచ్చినచో రెండును కలిసి కాలును. నకలు వేరొక ఊరిలో, వేరొక నదీతీరమున ఉండవలెను. నెలకొకసారి దానిని తెరచి, నిజముగా చదువ వీలగునో లేదో చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదని చెప్పుకొనుటకే గాని పనికి రాదు.

నకలు ఎంత తరచుగా తీయవలెనన్నది తరువాతి ప్రశ్న. దీనికి నిపుణులు రెండు కొలతలు వాడుదురు. ఈ పని ఎంతసేపు ఆగినను ఓర్చుకొనగలము అన్నది ఒకటి. ఎంతసేపటి లెక్క పోయినను తిరిగి వ్రాసికొనగలము అన్నది మరియొకటి. క్యాంటీను లెక్కలు వారము దినములు ఆగినను కొంప మునుగదు. జీతముల లెక్క నెలాఖరున ఒక్క దినము తప్పినను కాలనీలోని కిరాణా దుకాణము వరకు ఆ సెగ తగులును. గనిలో మీథేన్ వాయువును కనిపెట్టు పరికరమో, నిమిషములు కూడ ఆగరాదు. గాలిలో ఆ వాయువు 5 మొదలు 15 శాతము వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. అందుచేత అది 1.25 శాతము దాటకమునుపే జాగ్రత్తపడి, దాటినచో విద్యుత్తు నిలిపి, మనుష్యులను వెలుపలికి తరలింపవలెనని నియమము. అన్ని పనులకును ఒకే తొందర పెట్టు ప్రణాళిక ఏ పనిని గూర్చియు ఆలోచింపని ప్రణాళికయే.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. కంటిన్యూయిటీ అనగా ఏమైనను సరే పని సాగించుట అని కొందరు అధికారులు భావింతురు. గని ఆ భావమును ఒప్పుకొనదు. పెద్ద ఫ్యాను ఆగినచో గనిలో ఉత్పత్తి సాగింపరు; మనుష్యులను పైకి రప్పింతురు. సకాలమున, సక్రమముగా, ఎవరి ఆజ్ఞకొరకును ఎదురు చూడక ఆపగలుగుట కూడ ప్రణాళికలోని భాగమే. ఆపుటకు అధికారము ఎవరికున్నదో ముందుగా వ్రాసిపెట్టని సంస్థలో, ఆపద వేళ అందరును పై అధికారికి ఫోను చేయుచుందురు. ఆ పై అధికారి ఫోను ఎత్తడు.

నది, గని కలియరాదంటిమి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. నాలుగు నెలలకు, అక్టోబరు 16న, జి.డి.కె. 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. ఒకే పట్టణపు వాడలలో ఒకే సంవత్సరమున ఇరువది యేడు ఇండ్లలో దుఃఖము. బొగ్గు ఉత్పత్తి కొన్నాళ్లకు పుంజుకొనును. ఆ ఇండ్ల విషయమున "రికవరీ" అను మాట వాడుటకు మాకు నోరు రాదు.

గనిలో నీరు అనగా నది యొక్కటే కాదు. ఏనాడో బొగ్గు తీసి విడిచిన పాత గదులలో వానకాలములు నింపిన నీరు సంవత్సరముల తరబడి నిలిచియుండును. కొత్త పని అటువైపు సాగుచున్నప్పుడు నడుమనున్న బొగ్గుగోడ ఎంత మందమో చెప్పవలసినది పటము. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపునకు పోవలెనన్నచో ముందుగా అనుమతి పొందవలెనని, ముందు రంధ్రములు వేసి పరీక్షించుకొనుచు సాగవలెనని మన నిబంధనలు చెప్పుచున్నవి. పటము తప్పైనచో ఏమగునో అమెరికాలోని క్యూక్రీక్ గని చూపినది. 2002 జూలైలో అచ్చట పొరుగున విడిచివేసిన గని యొక్క చివరి పటము చేతికి అందలేదు. పాత పటమును నమ్మి త్రవ్విరి. నీరు విరుచుకొని పడినది. తొమ్మిదిమంది లోపల చిక్కుకొనిరి. పైనుండి రంధ్రము వేసి మూడు దినములకు పైగా శ్రమించి అందరిని సజీవులుగా తీసిరి. మన దేశములో 1989 నవంబరున రాణీగంజ్‌లోని మహావీర్ గనిలో అట్లే వరదకు చిక్కిన 65 మందిని, జస్వంత్ సింగ్ గిల్ అను ఇంజనీరు ఉక్కు గొట్టము వంటి పెట్టెలో ఒక్కొక్కరిగా పైకి తెచ్చిన చరిత్ర యున్నది. ఆ పెట్టె ముందుగా తయారై ఉన్నది కాదు, అప్పటికప్పుడు చేసికొన్నది. పని ఎరిగినవారు, ఉక్కు, రంధ్రము వేయు యంత్రము చేరువలో ఉండుటచేతనే అది సాధ్యమైనది. పుస్తకములో వ్రాయని ఆపద వచ్చినప్పుడు అక్కరకు వచ్చునది ఈ పాటి సామగ్రియే.

కంపెనీ పటములను గురించి చెప్పిన ఈ మాట కార్యాలయములకు కూడ వర్తించును. ఏ తీగ ఎచ్చటికి పోయినదో, ఏ యంత్రము దేనిపై ఆధారపడినదో తెలుపు పటము నేటిదా, పదేండ్ల నాటిదా అని చూచువారు అరుదు. రిటైరైన ఉద్యోగి ఫోను నంబరే ఇంకను మొదటి వరుసలో ఉన్న ప్రణాళికలు ఎన్ని లేవు!

రామగుండము సంగతికి మరలుదము. ఇచ్చటి బొగ్గు గనుల చెంతనే నేషనల్ థర్మల్ పవర్ కార్పొరేషన్ వారి విద్యుత్కేంద్రము 1983లో ఆరంభమై క్రమముగా 2600 మెగావాట్లకు పెరిగినది. గనులనుండి కేంద్రమునకు ప్రత్యేకమైన రైలుమార్గము కలదు. వ్యాగన్లు నింపుకొని పోవుచు, ఖాళీచేసి వచ్చుచు చక్రమువలె తిరుగుచుండును. బొగ్గు లేనిదే విద్యుత్తు లేదు. మరి విద్యుత్తు లేనిదే గనిలో ఫ్యాను తిరుగదు, పంపు నీటిని తోడదు, హాలేజీ కదలదు. ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని నిలుచున్నవారు ఇద్దరును ఒకేసారి తూలినచో ఎవరు ఎవరిని పట్టవలెను?

ఇది ఊహ కాదు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు పశ్చిమ బెంగాలులో ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులలో సుమారు 200 మంది కార్మికులు లిఫ్టులు నిలిచి గంటల తరబడి భూగర్భమున ఉండిపోయిరి. అప్పటికి దక్షిణ గ్రిడ్ వేరుగా నుండుటచేత మనకు ఆ అంధకారము సోకలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు నడుమ వేసిన మార్గముతో మన గ్రిడ్ కూడ దేశపు గ్రిడ్‌తో ఏకమైనది. దూరమునుండి సహాయము వచ్చుటకు దారి ఏర్పడినది. దూరపు ఆపద వచ్చుటకును అదే దారి. గ్రిడ్ పూర్తిగా పడిపోయినచో పెద్ద థర్మల్ కేంద్రము తనంత తాను లేవలేదు. దాని మరలు తిప్పుటకే బయటి విద్యుత్తు కావలెను. అందుచేత మొదట జలవిద్యుత్కేంద్రములను నడిపి, ఆ విద్యుత్తుతో థర్మల్ కేంద్రములను లేపుదురు. దీనిని బ్లాక్ స్టార్ట్ అందురు. ఏది ముందు, ఏది తరువాత అను వరుస కాగితముపై సిద్ధముగా లేకున్నచో ఆ చీకటిలో వెదకుకొనవలసివచ్చును.

తాత్కాలికముగా ఆదుకొనునది నిల్వ. కేంద్రము ఆవరణములో కొండవలె పోసియుంచిన బొగ్గు కొన్ని దినముల ఊపిరి. ఎంత నిల్వ పెట్టవలెనన్నచో ఎల్లప్పుడును వాదమే. పెట్టినచో సొమ్ము స్తంభించును, బొగ్గు తనంత తాను వేడెక్కి రగులుకొను భయమును ఉన్నది. పెట్టకున్నచో ఏమగునో 2011 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో తెలిసినది. తెలంగాణ కొరకు జరిగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా పాల్గొనిరి. నిల్వలు కరిగినవి, విద్యుదుత్పత్తి తగ్గినది, కోతలు వచ్చినవి. ప్రణాళికల పుస్తకములలో సమ్మెను తుపాను ప్రక్కన, భూకంపము ప్రక్కన చేర్చి వ్రాయుచుందురు. మేము దానికి సమ్మతింపము. తుపానుతో మాటలాడుట కుదరదు, మనుష్యులతో కుదరును.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు మరియొక పరీక్ష వచ్చినది. భూగర్భ గనులలో మనుష్యులు దగ్గరదగ్గరగా పనిచేయుదురు కావున అచ్చట కొంతకాలము లే-ఆఫ్ ప్రకటించి, ఓపెన్‌కాస్టు గనులలో పని సాగించిరి. ఏది ఆపవచ్చును, ఏది ఆపరాదు అని నిర్ణయించుటకు ఇంతకంటె సూటియైన ఉదాహరణము దొరకుట అరుదు.

ఓపెన్‌కాస్టు గనికి వానకాలము ప్రతి సంవత్సరము వచ్చు పరీక్ష. అది ఎప్పుడు వచ్చునో తెలిసియుండుటయే అందులోని మేలు. గని చుట్టును నీరు మళ్లించు కాలువలు త్రవ్వుదురు. అడుగున గుంటలు చేసి పంపులు పెట్టుదురు. ఎండకాలముననే మట్టి తొలగించి బొగ్గును తీయుటకు అనువుగా ఉంచుదురు. పంపు ఎచ్చట నిలుపవలెననుట అందు అన్నింటికంటె మెలకువ గల పని. 2022 జూలైలో గోదావరికి వచ్చిన మహావరదలో దిగువనున్న కన్నేపల్లి, అన్నారము పంపుహౌసులలోని మోటార్లే నీట మునిగినవి. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమా అణు విద్యుత్కేంద్రమున, కరెంటు పోయినచో ఆదుకొనవలసిన డీజిల్ జనరేటర్లలో అధికభాగము నేలమాళిగలలో ఉండెను. సముద్రపు అల వాటిని కూడ ముంచినది. కాపాడవలసినదియు, కాపాడబడవలసినదియు ఒకే మట్టమున ఉన్న చోట్లు మన ఊళ్లలో ఎన్నియో. ఆసుపత్రి జనరేటరు సెల్లారులో ఉన్నదా, మేడపై ఉన్నదా అని పాఠకులు ఒకసారి తమ ఊరిలో చూచి రావచ్చును.

ఇవన్నియు వ్రాసిపెట్టిన పిమ్మట మిగిలినది అభ్యాసము. రామగుండము ప్రాంతములోని యైటింక్లయిన్ కాలనీలో సింగరేణి వారి మైన్స్ రెస్క్యూ స్టేషన్ కలదు. గనులలో పనిచేయువారినే ఎన్నుకొని శిక్షణ ఇచ్చి రెస్క్యూ దళములను ఏర్పరతురు. వీపున ఆక్సిజన్ పరికరము మోసికొని, పొగలోను, వేడిలోను, వంగి నడువవలసిన ఇరుకు దారులలోను అభ్యాసము చేయింతురు. ఒకసారి నేర్చిన చాలదు. మరల మరల వచ్చి చేయవలెను. ఊపిరి పీల్చు పరికరము భుజముపై ఉన్నప్పుడు తొందరపడినచో ప్రాణవాయువు త్వరగా తరిగిపోవునని చదివినవాడు వేరు, తన ఒంటితో తెలిసికొన్నవాడు వేరు. కార్యాలయములలో సంవత్సరమునకు ఒకమారు గంట కొట్టి అందరిని చెట్టు క్రిందికి నడిపించి ఫొటో తీయుట కలదు. మేము దానిని తప్పుపట్టము. కాని ఆ గంట కొట్టు దినము, గంట, అందరికిని ముందే తెలిసినచో అది అభ్యాసము కాదు, ఉత్సవము. ఒకనాడు మేనేజరును ప్రక్కన కూర్చుండబెట్టి, "మీరు ఊరిలో లేరనుకొందము, ఇప్పుడు ఎవరు నడుపుదురు?" అని అడిగి చూచినచో నిజము బయటపడును.

రేడియో గల ఇంటికిని ఈ విషయముతో సంబంధము కలదు. వరద వచ్చినప్పుడు, తీగలు తెగినప్పుడు, సెల్ ఫోన్ల స్తంభములు మూగవోయినప్పుడు వార్త వినుటకు బ్యాటరీతో నడుచు చిన్న రేడియో చాలును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిన వేళ కరెంటు, ఫోనులు రెండును పోయినవి. ఇంట్లో బ్యాటరీలు ఉన్నవా, ఇంటి పత్రముల నకళ్లు మరియొకరి ఇంట ఉన్నవా, బాయికి పోయినవాడు వేళకు రాకున్నచో ఎవరిని అడుగవలెనో భార్యకు, పెద్దపిల్లలకు తెలియునా? దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పినది ఈ అర్థముననే.

ఇటీవల ఆ రెస్క్యూ దళములకు తమ గనులు కాని చోటికి పిలుపు వచ్చినది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగములో పైకప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకొనిరి. సైన్యముతోను, జాతీయ విపత్తు దళముతోను కలిసి సింగరేణి దళములు బురదను, ఉక్కు శకలములను తొలగించుచు లోనికి పోయినవి. నెలకు పైగా సాగిన గాలింపులో ఇద్దరి మృతదేహములు లభించినవి. కూలిన చోటు ముఖద్వారమునుండి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఉన్నది. ఆ సొరంగమునకు ఆ వైపున ద్వారము ఒక్కటే. మనుష్యులు, యంత్రములు, గాలి, లోపలి నీరు, అన్నియు ఆ ఒక్క దారిననే పోవలెను, ఆ ఒక్క దారిననే రావలెను.